తప్పులు గేటు దాటని బడి

“ఇంట్లోనే చదువు పెట్టాం నాన్నా!” అని మా బావ హాల్లోంచి కేకేశాడు. వరండాలో కుర్చీలో ఉన్న ఆయన తండ్రికి అది “ఇంట్లో చెదలు పట్టాయి నాన్నా!” అని వినిపించింది.

పెద్దాయనకు ఎనభై దగ్గర పడుతున్నాయి. ఒంట్లో మిగతావన్నీ బాగానే పనిచేస్తాయి, చెవులు మాత్రం ఆయనకంటే ముందే రిటైరయ్యాయి. ముప్ఫై ఏళ్ళు ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపినవాడు గనక, కబురు అందితే ఎందుకూ ఏమిటీ అని అడక్కుండా కదిలిపోవటం ఆయనకు అలవాటు. నేను ఆ ఇంటికి వెళ్ళేసరికి అల్మరాలు ఖాళీ. గేటు ముందు ఎండలో పుస్తకాలు, పరుపులు, పాత బిల్లుల కట్టలు, మా అక్క పెళ్ళి ఆల్బం. పెద్దాయన చేతిలో పురుగుల మందు డబ్బా. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, “ఖాళీ చేస్తున్నారా? మా తమ్ముడు ఇల్లు వెతుక్కుంటున్నాడు, ఇంటాయన నంబరివ్వండి,” అంటోంది.

“ఏమైంది మావయ్యగారూ?” అన్నాను.

“చెదలు! వాడే చెప్పాడు. ఏ గదిలోరా అంటే ఇల్లంతానట!”

బావ పరిగెత్తుకొచ్చి ఆయన చెవిలో నోరు పెట్టాడు. “చెదలు కాదు నాన్నా! చదువు! చ-దు-వు!”

“అదే నేనూ చెప్పేది. ముందు పుస్తకాలకే పడుతుంది,” అన్నాడు పెద్దాయన.

అరగంట పట్టింది ఆయనకు బోధపడటానికి. బోధపడ్డాక కూడా ఆయన మందు డబ్బా కింద పెట్టలేదు. “దీనికీ పనిచేస్తుందేమో చూడరా,” అన్నాడు. ఆ ఇంట్లో ఆ ఏడాది మొత్తం మీద పుట్టిన తెలివైన మాట అదొక్కటే. ఎవరూ పట్టించుకోలేదు.

సంగతేమిటంటే, మా బావ గాజు సీసాల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. బెల్టు మీద వరసగా వచ్చే సీసాల్ని దీపానికి ఎదురుగా చూడటం, ఆవగింజంత బుడగ కనబడినా పక్కకు తోసెయ్యటం ఆయన ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా లోకంలో ఎక్కడ బుడగ ఉందా అని చూసి చూసి, ఆయన కళ్ళకు లోకమే ఒక బుడగలా కనిపించే స్థితికి వచ్చింది. అలాంటి మనిషిని ఎవరో పాపాత్ములు బళ్ళో తల్లిదండ్రుల సమావేశానికి పిలిచారు. అక్కడ మా మేనకోడలి లెక్కల పుస్తకంలో టీచరమ్మ ఒక రైటు లెక్కకు తప్పు కొట్టి ఉంది. నలభై రెండు మంది పిల్లల పుస్తకాలు బస్సులో నిలబడి దిద్దుకునే మనిషి ఆవిడ. ఏ మలుపులోనో పెన్ను జారి ఉంటుంది. ఆవిడ చూసి, “అయ్యో, పొరపాటండీ,” అని దిద్దింది కూడా.

“పొరపాటు అంటే బుడగ,” అన్నాడు మా బావ ఇంటికొచ్చి. “సీసాలో బుడగ ఉంటే సీసా పారేస్తాం. బళ్ళో బుడగ ఉంటే?”

“బడిని పారేస్తావా?” అన్నాను.

పారేశాడు. పిల్లను నాలుగో తరగతిలో చేరనివ్వకుండా ఇంట్లో కూర్చోబెట్టాడు.

పిల్లకు తొమ్మిదేళ్ళు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ కిచకిచలాడుతూనే ఉంటుంది గనక మేం పిచుక అంటాం. దానికి బళ్ళో ఒక నేస్తం ఉంది. ముందుపళ్ళు రెండూ ఊడిన పిల్ల. అందుకని దాని పేరు కిటికీ. ఇద్దరిదీ ఒకే బెంచి. పిచుక బడి మానేసిన రోజు కిటికీ గోడ దగ్గరికొచ్చి, “నీ చోట్లో నా సంచి పెట్టి ఉంచుతాలే,” అని ఉమ్ము తుంపర్లతో సహా మాటిచ్చింది. ఐదో తరగతికైనా పిచుక తిరిగొస్తుందని వాళ్ళిద్దరి లెక్క.

ఆ లెక్క తేలటానికి ఒక రూలుంది. ఇంట్లో చదివే పిల్లల పనంతా ఏడాది చివర ఒక ఫైలు కట్టి విద్యాశాఖ ఆఫీసుకు పంపాలి. ఆ తర్వాత అక్కణ్ణుంచి పరిశీలకురాలు ఇంటికొచ్చి చూస్తుంది. బాగుందంటే పిల్ల ఐదో తరగతి. ఇంట్లో చదువుతుందో బళ్ళో చదువుతుందో ఆ పైన వాళ్ళిష్టం. బాగాలేదంటే మాత్రం బడికి వెళ్ళి నాలుగో తరగతిలో చేరి కూర్చోవాలి.

“అప్పుడు కిటికీ నాకు అక్కయిపోతుందా మామా?” అని అడిగింది పిచుక. నవ్వుదామని చూస్తే దాని మొహంలో నవ్వే చోటు కనబడలేదు.

మా బావ ఏదైనా తలపెడితే దానికి పెద్ద మాట ఒకటి కావాలి. దీనికి ‘కుటుంబ భాగస్వామ్యం’ అని పెట్టాడు. పెట్టి, భాగాలు పంచాడు. లెక్కలు తనకు. భాష తన చెల్లెలికి. ఆవిడ పెళ్ళి మాట ఎత్తితే ఫోను పెట్టేసే మనిషి, ఒక కంపెనీ ఫిర్యాదుల విభాగంలో పొద్దస్తమానం జనం తిట్లు విని క్షమాపణలు చెప్పే ఉద్యోగం. సైన్సు మా అక్కకు. తను రక్తపరీక్షల కేంద్రంలో నెత్తురు తీస్తుంది. చరిత్ర పెద్దాయనకు. లిఫ్టులో ఎందరో పైకెళ్ళటం, ఎందరో కిందికి దిగటం చూశాడు గనక చరిత్రకు ఆయనే తగినవాడని బావ ఉద్దేశం. పటాలూ బొమ్మలూ నాకు. నేను వీధి చివర గదిలో దుకాణాలకు సైన్‌బోర్డులు రాస్తుంటాను. ‘పాల్గొనటం’ అనే మాటలో నాకెప్పుడూ ‘పాలు’, ‘కొనటం’ రెండూ వినిపిస్తాయి, ఆ రెంటికీ నేను దూరం. అయినా అక్క మొహం చూసి ఒప్పుకున్నాను.

అయిదుగురు గురువులు, ఒక్క శిష్యురాలు. గురువులం కాదు, బరువులం.

హాలు తరగతి అయింది. టైంటేబులు గోడకెక్కింది. టేబులు ఉంది గానీ టైము ఏనాడూ లేదు. సిలబస్సు వచ్చింది. ఆ బస్సు మా హాల్లోంచి అంగుళం కదల్లేదు. రోజూ తొమ్మిదింటికి బావ బూట్లు తొడుక్కుని, పడగ్గదిలోంచి హాల్లోకి వచ్చి, ఒక్క పిల్లను నిలబెట్టి హాజరు పిలిచేవాడు. ఒకరోజు, “వరస సరిగ్గా లేదు,” అన్నాడు. ఒక్కతి నిలబడ్డ వరసలో వంకర ఎక్కడుందో మా ఎవరికీ కనబడలేదు. పిచుక మాత్రం అర అడుగు ఎడమకు జరిగింది. “ఆఁ, ఇప్పుడు బాగుంది,” అన్నాడు బావ.

ఇంత ఆర్భాటంలో పిల్ల మొదటి వారం పన్నెండు లెక్కలు చేసింది. పది రైటు, రెండు తప్పు. ఏ బళ్ళోనైనా పన్నెండింటికి పది వేసి పుస్తకం చేతికిచ్చేస్తారు. మా బావ కాగితాన్ని కిటికీలోంచి వచ్చే వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు.

“రిజెక్ట్ పీసు గేటు దాటకూడదు,” అన్నాడు. చింపేశాడు.

మళ్ళీ రాసింది. ఒకటి తప్పు. చింపాడు. మూడోసారి తప్పులు లేవు గానీ కన్నీటి చుక్క పడి అంకె అలుక్కుపోయింది. అదీ చింపాడు. మార్కులకు బదులు మరకలేమిటన్నాడు. అప్పుడు మా అక్క విసుగెత్తి, “ఇటివ్వండి, నేను రాసి పడేస్తాను, వంట చూసుకోవాలి,” అని రాసి ఇచ్చింది. బావ ఎత్తి చూశాడు. బుడగ లేదు. ఫ్యాక్టరీలో రంగు డబ్బాతో కొట్టే ముద్ర లాంటిదే ఒకటి చేయించుకొచ్చాడు, ‘పాస్’ అని. దాన్ని కాగితం మూల ఠక్కున కొట్టి ఫైల్లో పెట్టాడు.

అక్కణ్ణుంచి తోవ సులువైపోయింది. పిల్ల రాసింది చిత్తు, మేం రాసింది శుభ్రం. చిత్తు చింపుల బుట్టలోకి, శుభ్రం ఫైల్లోకి. ఫ్యాక్టరీలో సరుకు మీద పనివాడి పేరుండదు, బ్యాచ్ గుర్తుంటుంది. మా ఫైల్లోనూ అంతే. పిల్ల పేరు ఏ కాగితం మీదా రాయలేదు. ఎవరి విభాగంలో తయారైన కాగితానికి వారి అక్షరం: బావ లెక్కలు క, ఆయన చెల్లెలి భాష చ, అక్క సైన్సు ట, పెద్దాయన చరిత్ర త, నా పటాలు ప. బావకు ఇందులో గొప్ప అందం కనిపించింది. నాకు కచటతపలే కనిపించాయి.

దానికి తోడు శనివారం శనివారం బావ మా పనికి గ్రేడులివ్వటం మొదలుపెట్టాడు. ఇక చూడాలి. నలభై దాటిన మనుషులం, ‘ఎ’ కోసం ఏడ్చాం. తన వ్యాసానికి ‘బి’ వచ్చిందని బావ చెల్లెలు రెండు రోజులు అన్నగారితో మాట్లాడలేదు. మా అక్క ఆకు బొమ్మ వేసి, పక్కనే ‘నమూనా నంబరు పద్నాలుగు, పరగడుపున తీసినది’ అని రాసింది. బావ దానికి ‘ఎ’ ఇచ్చాడు. దాంతో పెద్దాయనకు రోషం వచ్చి, ఒక రాజవంశాన్ని మొత్తం అంతస్తులవారీగా దించాడు. నేను నదుల పేర్లకు ఎర్రటి నీడలు వేశాను. ఏ బోర్డు రాసినా మూల మన నంబరు వెయ్యటం అలవాటు గనక, ప్రతి పటం మీదా సముద్రంలో నా ఫోను నంబరు పడింది.

మరి పిల్ల? పిల్ల పక్కన కూర్చునేది. మాకు అర్థంకాని చోట అది చెప్పేది, మేం రాసుకునేవాళ్ళం. ఒకరోజు బావ అరనూ, మూడో వంతునూ కలుపుతూ, పైవి పైవి కలిపాడు, కిందివి కిందివి కలిపాడు. ఐదింట రెండు వచ్చింది. సంబరంగా ముద్ర అందుకున్నాడు.

“నాన్నా, ఐదింట రెండంటే సగం కన్నా తక్కువ కదా,” అంది పిచుక.

“అయితే?”

“సగానికి ఇంకొంచెం కలిపావు కదా. కలిపితే తగ్గిపోతుందా?”

బావ ముద్ర గాల్లోనే ఆగింది. పిచుక ఒక చిత్తుకాగితం తీసుకుని ఆరు మడతలు పెట్టి, విప్పి, మూడు గళ్ళూ రెండు గళ్ళూ రంగు వేసి చూపించింది. “ఆరింట ఐదు.” బావ అది శుభ్రంగా రాసుకుని, ముద్ర కొట్టుకుని, రంగు వేసిన చిత్తుకాగితాన్ని చింపేసి, “క్లాసులో పెద్దవాళ్ళ మాటకు అడ్డు రాకూడదు,” అని పిల్లను మందలించాడు.

అలా మూడువందల పన్నెండు కాగితాలయ్యాయి. బావ ఫైలును రెండు చేతుల్తో ఎత్తుకెళ్ళి ఆఫీసులో ఇచ్చి వచ్చాడు. మూడువారాలకు ఫోను వచ్చింది.

“గురువారం పదకొండింటికి వస్తున్నాను. ఐదుగురూ ఇంట్లోనే ఉండాలి. ఐదు కుర్చీలు దూరదూరంగా వేయించండి, ఒకరి కాగితం ఒకరికి కనబడకూడదు,” అంది పరిశీలకురాలు.

బావ ఫోను పెట్టేసి గుండెలు పొంగించాడు. “విన్నారా? కుటుంబాన్ని కుటుంబంగానే పరీక్షిస్తారట! భాగస్వామ్యం అంటే ఏమిటో తెలిసినవాళ్ళు కూడా ఉన్నారు పైన!”

“అన్నయ్యా, నాకు సంధులు రావు,” అంది ఆయన చెల్లెలు బిక్కమొహంతో.

“ఇంకా రెండు రోజులుంది, బట్టీ పట్టు!”

ఆ రెండు రోజులూ ఇల్లు ఇల్లులా లేదు. అక్క గుండెలో గదులెన్నని వంటింట్లో గొణుక్కునేది. పెద్దాయన తేదీలు అరచేతి మీద రాసుకున్నాడు. దొంగచాటు రాతలు కూడదని బావ సబ్బుతో కడిగించాడు. మా అయిదుగురికీ ప్రశ్నలడిగి అప్పజెప్పించుకున్నది పిచుకే. నాకు మూడు సరస్సుల పేర్లు రాకపోతే నెత్తిమీద పెన్సిలుతో ఒకటిచ్చింది కూడా. మధ్యమధ్య గోడ దగ్గరికెళ్ళి కిటికీతో గుసగుసలాడి వచ్చేది.

“వాళ్ళు పాసైతే నేను పాసైనట్టేనా మామా?” అని అడిగింది బుధవారం.

“మరే,” అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో!

గురువారం పదకొండింటికి పరిశీలకురాలు వచ్చింది. పొడుగ్గా, సన్నగా, ఎవరినీ నమ్మని కళ్ళద్దాలతో ఉంది. సంచిలోంచి ఐదు ప్రశ్నపత్రాలు, చెక్కిన పెన్సిళ్ళు ఐదు తీసింది. తలెత్తి చూసింది. ఐదు కుర్చీల్లో మేం ఐదుగురం, తలలు దువ్వుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాం. పిచుక ఆవిడకు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది.

“పిల్లల్ని పిలవండి,” అంది ఆవిడ.

“ఇదిగోండి పిల్ల,” అన్నాడు బావ.

“సరే, మిగతా నలుగురూ?”

“మిగతా నలుగురేమిటండీ? మిగతా ఐదుగురం ఇక్కడే ఉన్నాంగా!”

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. “చూడండి, నాకు వేళాకోళాలు వద్దు. మీ ఇంటి ఫైల్లో ఐదుగురు పిల్లల పని ఉంది. ఒక ఇంటికి ఒక ఫైలు, ఎందరుంటే అందరిదీ అందులోనే పెడతారు. క, చ, ట, త, ప అని మీరే గుర్తులు కూడా వేశారు. ఒక్కొక్కరి చేతిరాత ఒక్కొక్క తీరు. ఐదుగురి మీదా రిపోర్టు రాసి పెట్టుకున్నాను. ఎక్కడ దాచారు వాళ్ళని?”

“రిపోర్టా?” అన్నాడు బావ ఆశగా. “చదవండి, చదవండి.”

ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుంది. “విద్యార్థి క. చురుకైన కుర్రాడు. భిన్నాల్లో చెప్పిందే నలభైసార్లు రాశాడు గనక ఎవరో పక్కన కూర్చుని చెబుతున్నారని తెలుస్తోంది. తప్పంటే విపరీతమైన భయం. వెంటనే ఆటలకు పంపాలి.”

బావ మొహం సున్నం కొట్టినట్టయింది.

“విద్యార్థి చ. ప్రతి వ్యాసమూ క్షమాపణతోనే మొదలుపెడుతుంది. ఉదాహరణకు, ‘వర్షం వల్ల మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.’ ఈ పాపను ఇంట్లో ఎవరో రోజూ తిడుతున్నారు. విచారించాలి.”

“ఇంట్లో కాదండీ, ఆఫీసులో!” అంది బావ చెల్లెలు, ఉండబట్టలేక. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళకు ఒకరు తన గురించి విచారిస్తామన్నారు.

“విద్యార్థి ట. పరిశీలన ఉంది, కానీ ఆకు మీద వ్యాసమైనా సూది దగ్గరికే వస్తుంది. విద్యార్థి త. చెయ్యి వణుకుతోంది. చదువు ఆలస్యంగా మొదలుపెట్టినట్టున్నారు. పాలూ గుడ్లూ ఇప్పించి, కళ్ళు పరీక్ష చేయించాలి.”

“ఏమంటోందిరా?” అన్నాడు పెద్దాయన.

“గుడ్లు పెట్టమంటోంది నాన్నా!” అంది కూతురు ముక్కు తుడుచుకుంటూ.

“విద్యార్థి ప,” అని ఆవిడ నావైపు కాకుండా గోడవైపు చూసి చదివింది. “అక్షరాలకు నీడలు వేస్తాడు. మ్యాపు మీద సముద్రంలో ఫోను నంబరు వేశాడు. ఇంట్లోంచి తప్పిపోయే అలవాటున్న పిల్లవాడేమోనని అనుమానం. ఆ నంబరుకు ఫోను చేస్తే ‘బోర్డు ఎన్ని అడుగులు?’ అన్నారు.”

అది నేనే. మంగళవారం వచ్చిన ఫోను.

నేను కుర్చీలో చిన్నవాణ్ణయిపోయాను. బావ మాత్రం లేచి నిలబడి, మేం ఎవరం ఏ అక్షరమో, పిల్ల చిత్తు రాస్తే మేం ఎలా శుభ్రం చేశామో, తప్పులున్న కాగితాన్ని ఒక్కదాన్నీ గేటు ఎలా దాటనివ్వలేదో ఛాతీ విరుచుకుని చెప్పుకొచ్చాడు. ఆవిడ అడ్డు రాకుండా విన్నది.

“అంటే ఈ మూడువందల పన్నెండింటిలో ఈ పాప రాసిన కాగితం...”

“ఒక్కటీ లేదు!” అన్నాడు బావ గర్వంగా. అనేశాక ఆ మాట తనకే వినిపించింది.

ఆవిడ ఫైలు మూసింది. “ఏడాది కిందట ఏం రాదో, ఇప్పుడేం వచ్చిందో చూడ్డానికండీ ఫైలు అడిగేది. తప్పుల్లోంచే తెలుస్తుంది అది. ఫైల్లో పిల్లే లేదు. ఏం చూసి పాస్ చెయ్యమంటారు? రూలు ప్రకారం నాలుగో తరగతి.”

బావ కుర్చీలో కూలబడ్డాడు. కచటతపలం ఐదుగురమూ పలకని అక్షరాలమై కూర్చున్నాం. పిచుక వచ్చి ఆవిడ ఎదుట నిలబడింది.

“మేడం, మీరు ఐదు పేపర్లు తెచ్చారు కదా. ఒకటి నాకివ్వరా?”

“ఫైలు లేకుండా పేపరు ఒక్కటే చాలదమ్మా.”

“ఫైల్లో ఉన్నదంతా నాకు తెలుసు మేడం. ఎవరికేం రాదో కూడా తెలుసు. నాన్న భిన్నాలు కలిపేటప్పుడు కిందివి కూడా కలిపేస్తాడు. నేను కాగితం మడిచి చూపిస్తే గానీ రాలేదు. అత్తకి ఉత్తరానికీ వ్యాసానికీ తేడా తెలీదు, ‘ఇట్లు’ అని సంతకం పెట్టేస్తుంది. అమ్మకి గుండెలో గదులు వచ్చు గానీ ఆకు ఆహారం ఎలా తయారుచేసుకుంటుందో రాదు, నేనే చదివి చెప్పాను. తాతయ్యేమో తండ్రి కన్నా ముందు కొడుకుని రాజును చేశాడు, నేను తేదీలు చూసి మార్పించాను. మామకి మూడు సరస్సులు ఇప్పటికీ రావు.”

అంత మంది ముందు సరస్సుల ఊసు ఎత్తక్కర్లేదు. కానీ ఆవిడ పెన్ను తీసింది. ఫైలు తెరిచి, ఏదో ఒక పేజీ చూపించి, “ఇది ఎందుకిలా?” అనేది. పిచుక చెప్పేది. ఇంకో పేజీ, ఇంకో ప్రశ్న. ఇరవై నిమిషాల పాటు అలా నడిచింది. తర్వాత ఆవిడ ఒక కుర్చీ వైపు చూసింది. మా బావ లేచి తప్పుకున్నాడు. పిచుక అందులో కూర్చుంది, కాళ్ళు నేలకు అందలేదు. పేపరు అందుకుంది.

నలభై నిమిషాల్లో ముగించింది. ఆవిడ దిద్దింది. ఇరవైలో మూడు తప్పులు. ఎర్రగా మూడు గీతలు పడ్డాయి. మా బావ చెయ్యి, పాపం, దానంతట అదే ముందుకు చాచుకుంది. కాగితం మూల పట్టుకుంది. వెలుతురుకు ఎత్తబోతోంది.

“వదలండి,” అంది ఆవిడ. గొంతు పెంచలేదు. “ఈ ఇంట్లో పిల్ల రాసిన కాగితం ఇదొక్కటే.”

బావ వదిలేశాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన చేతిలోంచి బుడగతో సహా బయటికెళ్ళిన మొదటి సరుకు అదే. ఆవిడ ఆ కాగితాన్ని ఫైలు మొదట్లో పెట్టింది. దాని మీద, బ్యాచ్ అక్షరం వేసే చోట, పిచుక అసలు పేరడిగి పూర్తిగా రాసుకుంది.

“ఐదో తరగతి,” అంది.

బావకు ప్రాణం లేచొచ్చింది. “చూశారా! అయితే వచ్చే ఏడాది కూడా ఇంట్లోనే...”

“నేను బడికి పోతాను నాన్నా,” అంది పిచుక.

“అక్కడ టీచర్లు రైటుకు తప్పు కొడతారే!”

“కొడితే కొట్టనీ. నా పుస్తకం నా దగ్గరే ఉంటుంది కదా.”

మా అక్క మొగుడి వైపు తిరిగి, “ఇక నోరెత్తారంటే నిజంగానే సూది తీస్తాను,” అంది. బావ నోరు మూసుకుని కూర్చోబోయాడు. కుర్చీ కూతురిదని గుర్తొచ్చి నిలబడ్డాడు.

ఇంతలో ఆవిడ ఫోను మోగింది. ఆఫీసు నుంచి పై అధికారి. ఐదుగురు పిల్లల ఫలితాలు ఇవ్వాళే ఎక్కించాలట. ఆవిడ హాలు మధ్య నిలబడి మాట్లాడింది. మేమందరం విన్నాం. గోడ మీంచి పక్కింటావిడా, బడికి సెలవులు గనక ఆవిడ పక్కన పీట వేసుకుని ఎక్కిన కిటికీ కూడా విన్నారు.

“హలో, సార్... ఆ ఐదుగురి ఇంట్లోనే ఉన్నాను... పిల్లలు కారు సార్, పెద్దవాళ్ళు... లేదు సార్, తప్పిపోలేదు, ఎదురుగానే ఉన్నారు. క అంటే తండ్రి. సీసాల ఫ్యాక్టరీ. ఆ అక్షరాలు పేర్లు కావు సార్, సరుకు మీద వేసే బ్యాచ్ గుర్తులు... చ అంటే మేనత్త... ఆఁ, ఆ తిట్లు తినే పాపే, నలభై రెండేళ్ళుంటాయి. ట తల్లి. త తాతగారు... లేదు సార్, ఆయన చదువు ఆలస్యంగా మొదలుపెట్టలేదు, చాలా ముందే ముగించారు. ప మేనమామ, బోర్డులు రాస్తాడు... పిల్ల రాసినవి తప్పులున్నాయని చింపేసి, వీళ్ళు రాసి పెట్టారు సార్. మనం చేతిరాతలు లెక్కపెట్టి ఐదుగురనుకున్నాం... పిల్ల ఒక్కతే. ఫైల్లో లేని పిల్ల. దాన్ని ఐదో తరగతికి రాసుకోండి... వీళ్ళ ఐదుగురినా?”

ఆవిడ మమ్మల్ని కచటతప వరసలో ఒకసారి చూసింది.

“కొట్టెయ్యండి సార్. వయసు దాటిపోయింది.”